ఖాళీ కప్పులో చాయ్



మొన్న ఒక ఆదివారం సాయంత్రం మా ఇంటి వరండాలో ఇరానీ హోటల్ వెలిసింది. వంటమనిషి, వెయిటరు, గల్లా పెట్టె దగ్గర కూర్చునే సేఠ్ అందరూ ఒక్కరే. మా చిన్నమ్మాయి, అయిదేళ్లది. నేను బయటి నుంచి వచ్చి కుర్చీలో కూలబడ్డానో లేదో నా ముందు ఒక ప్లాస్టిక్ కప్పు పెట్టింది. ‘సాబ్, చాయ్’ అంది. నా చూపు ఫోన్ మీద ఉంది. కప్పు ఎత్తి ఒక్క గుటకలో తాగేసినట్టు చేసి, షుక్రియా అని కింద పెట్టేశాను. పిల్ల కదల్లేదు. పెదవులు వణికాయి. ‘అబ్బా, చా గరం థీ. కైసే పీలియే?’ అంది. అంత వేడి చాయ్ ఒక్కసారే ఎలా తాగేశావని. నేను నవ్వాను. అది నా రెండో గల్తీ. హోటల్ అప్పటికప్పుడు మూతపడింది. ఓనరు గోడవైపు తిరిగి కూర్చుంది.

లోపల్నుంచి మా అమ్మీ వచ్చింది. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. అయినా కష్టపడి పీట మీద కూర్చుని, నేలను టేబుల్ అనుకుని టకటకా కొట్టింది. ‘ఏ ఛోటూ! ఏక్ పౌనా చా, దో ఉస్మానియా. జల్దీ నక్కో, ఆరామ్ సే లా’ అని కేకేసింది. హోటల్ మళ్లీ తెరుచుకుంది. అమ్మీ ఆ ఖాళీ కప్పులోంచి లేని సాసర్‌లోకి లేని చాయ్ వొంపింది. మూడుసార్లు ఊదింది. చప్పుడు చేస్తూ తాగి, చక్కెర ఎక్కువైందని ఫిర్యాదు చేసింది. పిల్ల కళ్లు మెరిశాయి, పరుగున పోయి ఇంకో కప్పు తెచ్చింది. డబ్బులు లేవు, ఖాతాలో రాసుకోమంది అమ్మీ. ఖాతా పుస్తకం ఎక్కడిది? నా ఆఫీసు డైరీ!

ఇరవై ఏళ్లుగా జనాన్ని సవాళ్లు అడిగి పొట్ట పోసుకుంటున్నవాణ్ని. ఆ రాత్రి అమ్మీని అడిగాను, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని. ‘నేర్చుకునేదేముంది బేటా, నా చిన్నప్పుడు మా అమ్మీ కూడా నాతో కూర్చునేది’ అంది.

ఆ జవాబు నన్ను వదల్లేదు. పిల్లలతో కలిసి ఆడాలన్నది ఈ మధ్య పుస్తకాలు చదివి నేర్చుకున్న సంగతి అనుకుంటాం మనం. మన బుజుర్గులకు గద్దించడం, అదబ్ నేర్పడం తప్ప ఇంకేం తెలియదనుకుంటాం. అందులో సగమే నిజం. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. బాద్షాల తారీఖ్ రాసినవాళ్లు బోలెడుమంది. పిల్లల ఉత్తుత్తి ఆటల్లో పెద్దవాళ్లు కూర్చున్న తారీఖ్ ఎవరూ వరుసగా రాసిపెట్టలేదు. కానీ వెతికితే హదీసుల్లో, ఫిఖా కితాబుల్లో, పోతన పద్యాల్లో, ఒక సంస్కృత నాటకంలో తునకలు తునకలుగా దొరుకుతుంది. మా నానీ ఇంటి ఆంగన్‌లో కూడా ఒక తునక ఉంది. దాంతోనే షురూ చేస్తాను.

నానీ వాళ్లది నారాయణపేట. 1960ల మొదట్లో మాట. ఆ మొహల్లాలో వానాకాలం సెలవు రోజుల్లో గుడియా గుడ్డాల షాదీ జరిగేది. గుడియా అంటే ఆడబొమ్మ, గుడ్డా అంటే మగబొమ్మ. పాత దుపట్టా గుడ్డలో దూది కూరి, కాటుకతో కళ్లు దిద్ది, నల్లదారంతో జడ వేసేవాళ్లు. నేతగాళ్ల ఊరు కాబట్టి జరీ తునకలకు కొదవలేదు. ఒక ఇల్లు ఆడపిల్లవాళ్లది, ఇంకో ఇల్లు మగపిల్లవాడిది. మంజే, సాంచఖ్, మెహందీ, నికా, రుఖ్సతీ, చివరికి పెళ్లయ్యాక జరిగే జుమాగీ దావత్ దాకా ఏదీ వదిలేవాళ్లు కాదట. మహర్ ఎంతో తెలుసా? ఏడు చింతగింజలు.

దావత్ వంటను హండ్‌కులియా అనేవాళ్లు. చిట్టి మట్టి పిడతల్లో నిజం పొయ్యి మీద నిజం వంట. ఒకరింటి నుంచి గుప్పెడు బియ్యం, ఒకరింటి నుంచి పప్పు, ఇంకొకరింటి నుంచి చిటికెడు ఉప్పు. సగం మాడి, సగం ఉడకని ఆ ఖిచిడీని ఇంటి మగవాళ్లకు పెట్టేవాళ్లు. వాళ్లు తిని వాహ్ అనాలి. అనకపోతే రెండు రోజులు ఆ ఇంట్లో ఎవరూ వాళ్లతో మాట్లాడరు.

ఈ షాదీల్లో నానీ ఎప్పుడూ మగపెళ్లివారి సమధన్. అంటే వియ్యపురాలు. పక్కింటి పిల్ల గుడ్డాకు తల్లి వేషం ఆమెదే. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా వచ్చి కూర్చుని, పాన్‌దాన్ ముందు పెట్టుకుని, మా అబ్బాయికి ఉంగరం ఏదీ, బారాతీలకు షర్బత్ ఏదీ అని గద్దించేది. అమ్మీ ఏడెనిమిదేళ్లది. ఒకసారి నికా దాకా వచ్చాక ఖాజీ వేషంలో ఉన్న పిల్ల, గుడియాకు ఈ నికా కబూలేనా అని అడిగింది. అమ్మీ బొమ్మ చెవి దగ్గర తన చెవి పెట్టి విని, ‘నా గుడియా ఒప్పుకోవట్లేదు’ అంది. ఎందుకో ఆమెకే తెలియదు. గుడ్డా మూతి నచ్చలేదట!

పిల్లలంతా గోల చేశారు. ఖిచిడీ అయిపోయింది, బారాత్ వచ్చేసింది, ఇప్పుడు ఇన్కార్ ఏమిటని. నానీ ఏం చేసింది? ఆట పాడుచేయకు అని కూతుర్ని గద్దించలేదు. ముచ్చట ముగించడానికి ఆమె తరఫున తానే కబూల్ అనలేదు. కాసేపు ఆలోచించి, పాన్‌దాన్ మూసి, గుడ్డాను కొంగులో చుట్టుకుని లేచి, ‘చలో భాయీ, అమ్మాయి కాదంది, బారాత్ వాపస్’ అంది. తెచ్చిన బెల్లం ముక్కలు కూడా తిరిగి తీసుకుపోయింది. వియ్యపురాలు అలిగితే ఎలా పోవాలో అలాగే పోయింది.

అమ్మీ ఈ కథ చెప్పి చాలాసేపు నవ్వింది. తర్వాత మామూలుగా అంది: ‘నా నికా రోజు ఖాజీ సాబ్ అడిగితే పక్కన ఎవరో నా తల పట్టి వంచారు. హా అన్నట్టు లెక్క.’ అబ్బా మీద ఆమెకు షికాయత్ ఏమీ లేదు, నలభై ఏళ్లకు పైగా కాపురం చేసింది. కానీ ఆమె జిందగీలో ఆడపిల్ల కాదంటే బారాత్ వెనక్కి పోయింది ఒక్కసారే, ఆ బొమ్మల పెళ్లిలో. పోనిచ్చింది ఆమె తల్లి.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు నన్ను చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. పోతన భాగవతంలో రుక్మిణి చిన్ననాటి వర్ణన చదువుతుంటే గుజ్జనగూళ్లు అనే మాట తగిలింది. రుక్మిణి గుజ్జనగూళ్లు వండించి చెలులకు పెట్టిస్తుంది. ఏమిటి సార్ ఇవి అని అడిగాను. ఆడపిల్లలు చిట్టి గిన్నెల్లో ఉత్తుత్తిగా వండుకునే అన్నమయ్యా అన్నారు ఉస్తాద్. ‘మా ఇంట్లో దీన్ని హండ్‌కులియా అంటాం సార్’ అన్నాను. ఆయన పలకమని రెండుసార్లు చెప్పించుకుని తన పుస్తకం అంచున రాసుకున్నారు. ఆ రోజు నుంచి తెలుగు నాకు పరాయి ఇల్లు అనిపించలేదు. అదే భాగవతంలో నరకాసురుడి మీదికి యుద్ధానికి వచ్చిన సత్యభామను చూసి కవి ఆశ్చర్యపోతాడు. బొమ్మల పెళ్లికి కూడా రానన్న బాల రణరంగానికి ఎలా వచ్చిందని. అంటే పదిహేనో శతాబ్దపు తెలుగు నేలమీద బొమ్మల పెళ్లి ఎంత మామూలు సంగతో చూడండి. విన్నవాళ్లకు వెంటనే అర్థమయ్యే పోలిక.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పెద్దవాళ్లు ఈ ఆటల్లో కూర్చున్నది ఒట్టి మొహబ్బత్‌తోనే కాదు. తర్బియత్ కూడా ఉద్దేశమే. ఆడపిల్లకు కుట్టు రావాలి, వంట రావాలి, రుఖ్సతీ రోజు ఏడవడం కూడా రావాలి. ఈ లెక్క వెయ్యేళ్ల కిందే ఒక పెద్ద ఆలిమ్ రాసిపెట్టాడు. ఆయన సంగతికి వచ్చేముందు మా ఇంట్లో జరిగిన ఒక చేదు వాకియా చెప్పాలి.

1987 ప్రాంతం. మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ దగ్గర మా అబ్బాది చిన్న దర్జీ దుకాణం. కత్తిరింపు తునకలన్నీ మా ఆపాకే. ఆమె నాకన్నా రెండేళ్లు పెద్ద. గోడ గూట్లో ఆమె గుడియాలు అయిదు ఉండేవి. ఒకరోజు మొహల్లాలో పేరున్న ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగుతూ గూడు వైపు చూసి, బుత్‌లు ఉన్న ఇంట్లోకి రహ్మత్ ఫరిష్తాలు రారన్నాడు. బుత్ అంటే విగ్రహం. అబ్బా భయస్తుడు. ఇంటికి బర్కత్ పోతుందని భయం, నలుగురిలో మాట పడతామని భయం. ఆ రాత్రి గుడియాలను ఒక సంచీలో వేసి, పొద్దున్నే పాత గుడ్డలు కొనేవాడికి ఇచ్చేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఏమీ చెప్పలేదు కూడా. ఆపా గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది. మళ్లీ ఎప్పుడూ బొమ్మ చేసుకోలేదు.

పెద్దయ్యాక, ఈ జర్నలిజంలోకి వచ్చాక, ఆ పెద్దమనిషి మాటకు జవాబు కితాబుల్లో వెతుక్కున్నాను. దొరికింది. దొరికాక కోపం కన్నా అఫ్సోస్ ఎక్కువైంది.

పదో శతాబ్దం మొదటి సగంలో బగ్దాద్‌లో ఖలీఫా అల్ ముఖ్తదిర్ పాలన. ఆ రోజుల్లో షాఫయీ మస్లక్‌కు చెందిన అబూ సయీద్ అల్ ఇస్తఖ్రీ నగరానికి ముహ్తసిబ్ అయ్యాడు. ముహ్తసిబ్ అంటే బజారుల్లో తూకం, సరుకు, నడవడిక మీద కన్నేసి ఉంచే అధికారి. నబీజ్ అనే పానీయంలో వాడే ఒక సరుకు అమ్మే బజారును ఆయన ఎత్తివేయించాడు. బొమ్మల బజారును మాత్రం ముట్టుకోలేదు. అవును, ఆనాటి బగ్దాద్‌లో పిల్లల బొమ్మలకు ఏకంగా ఒక బజారే ఉండేది! ఎందుకు ముట్టలేదంటే ఆయన చూపిన దలీల్ ఒక్కటే: హజ్రత్ ఆయిషా (ర) బొమ్మలతో ఆడుకున్నారు, ప్రవక్త (స) కళ్లారా చూశారు, వద్దనలేదు. ఈ సంగతి రాసింది 1058లో వఫాత్ అయిన అల్ మావర్దీ, ‘అల్ అహ్‌కామ్ అస్సుల్తానియా’ అనే తన కితాబులో. బొమ్మలు గునాహ్ కోసం కాదు, ఆడపిల్లలకు బిడ్డల్ని పెంచడం అలవాటు చేయడానికి అని కూడా ఆయనే రాశాడు. ఇందాక చెప్పిన ఆలిమ్ ఆయనే. తర్వాతి ఆలిముల్లో ఇఖ్తిలాఫ్ లేకపోలేదు. ఆ ఇజాజత్ తర్వాత రద్దయిందన్నవాళ్లు కొందరున్నారు. ఎక్కువమంది మాత్రం పిల్లల బొమ్మలకు మినహాయింపు ఉందన్నారు. మా మొహల్లా పెద్దమనిషి దాకా ఆ మాట రాలేదు.

హజ్రత్ ఆయిషా (ర) బొమ్మల గురించి బుఖారీలో ఒక రివాయత్ ఉంది. ఆమె సహేలీలు ఆడుకుంటూ, ప్రవక్త (స) లోపలికి రాగానే సిగ్గుపడి దాక్కునేవారట. ఆయన వాళ్లను మళ్లీ ఆమె దగ్గరికి ఆటకు పంపేవారు. అబూ దావూద్‌లో ఇంకో రివాయత్. ఆయన ఒక ప్రయాణం నుంచి తిరిగి వచ్చారు. గాలికి తెర తొలగి గూట్లోని బొమ్మలు కనిపించాయి. ఏమిటివి అని అడిగారు. నా బొమ్మలు అన్నారు ఆమె. మధ్యలో ఒక గుర్రం, దానికి గుడ్డతో చేసిన రెండు రెక్కలు. గుర్రానికి రెక్కలా అని ఆయన అడిగితే, సులైమాన్ నబీ గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఎదురడిగారు ఆమె. ఆయన దవడ పళ్లు కనిపించేలా నవ్వారట.

ఇది తండ్రీ బిడ్డల ముచ్చట కాదు, నిజమే. అయినా ఆ సంభాషణ నడిచిన తీరు చూడండి. అడిగినవన్నీ చిన్న చిన్న సవాళ్లు. ఇదేమిటి, దాని మీద ఏముంది, గుర్రానికి రెక్కలా? జవాబు వచ్చాక దిద్దుబాటు లేదు, దర్స్ లేదు. నవ్వు ఒక్కటే ఉంది. అది నేను వరండాలో నవ్విన నవ్వులాంటిది కాదు. నేను పిల్లను చూసి నవ్వాను. ఆయన పిల్లల లోకంలోని తర్కానికి మెచ్చి నవ్వారు.

తండ్రీ బిడ్డల ముచ్చట కావాలంటే నసాయీలో షద్దాద్ బిన్ అల్ హాద్ చెప్పిన రివాయత్ ఉంది. ప్రవక్త (స) మనవణ్ని, హసన్‌నో హుసేన్‌నో, ఎత్తుకుని నమాజ్‌కు వచ్చారు. పక్కన కూర్చోబెట్టి నమాజ్ మొదలుపెట్టారు. ఒక సజ్దా చాలా పొడుగైంది. వెనక ఉన్న షద్దాద్‌కు అనుమానం వచ్చి తలెత్తి చూస్తే, బిడ్డ ఆయన వీపు మీద ఉన్నాడు. నమాజ్ అయ్యాక జనం అడిగారు, ఏదైనా జరిగిందా, వహీ దిగిందా అని. అదేమీ కాదు, నా బిడ్డ నన్ను సవారీ చేసుకున్నాడు, వాడి సరదా తీరకముందే తొందరపెట్టడం నాకు ఇష్టం లేకపోయిందని ఆయన జవాబు. తిర్మిజీలో ఇంకొకటి. మనవడు హసన్ భుజం మీదున్నాడు. చూసిన ఒకాయన, ఎంత మంచి సవారీ దొరికిందిరా అబ్బాయ్ అన్నాడు. ఎక్కినవాడు కూడా మంచి రౌతే అన్నారు ప్రవక్త (స).

సజ్దా రివాయత్‌ను ప్రేమకు నిషానీగా ఖుత్బాల్లో వింటుంటాం. నాకు అందులో ఆట ఖాయిదా కూడా కనిపిస్తుంది. పెద్దమనిషికి బిడ్డ ఒక వేషం ఇచ్చాడు, ఒంటె వేషం. ఆయన ఒంటె అయ్యారు. ఒంటె తనంతట తాను లేవదు, దిగాల్సింది రౌతు. ఆట ఎప్పుడు ముగించాలో తేల్చేది బిడ్డే. వెనక ఒక జమాత్ మొత్తం వేచి ఉన్నా సరే. మా నానీ ఈ రివాయత్ చదివిందో లేదో తెలియదు. ఆ బారాత్‌ను వాపస్ తీసుకుపోయినప్పుడు మాత్రం పాటించింది దీన్నే.

తల్లుల గవాహీ కూడా ఉంది. ఆషూరా రోజా రోజు పిల్లల చేత కూడా రోజా ఉంచేవాళ్లమని, అన్నం కోసం ఏడిస్తే ఉన్నితో బొమ్మలు చేసి ఇఫ్తార్ వేళ దాకా ఆడించేవాళ్లమని రుబయ్యి బింతె ముఅవ్విజ్ (ర) చెప్పిన మాట బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉంది. రోజాలో ఉన్న తల్లులే, మదీనా ఎండలో, కూర్చుని ఉన్ని చుట్టారు. 1111లో వఫాత్ అయిన ఇమామ్ గజాలీ అయితే ‘ఇహ్యా’లో ఖరాఖండిగా రాశారు. మక్తబ్ నుంచి వచ్చిన పిల్లవాణ్ని ఆడుకోనివ్వాలి, ఎప్పుడూ చదువే అంటూ ఆట మాన్పిస్తే వాడి దిల్ చచ్చిపోతుందని, జెహెన్ మొద్దుబారుతుందని. ట్యూషన్లకు పంపే మన జమానా కోసం రాసినట్టు లేదూ?

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. ఆటలో దిగిన పెద్దవాళ్లు ప్రేమతోనే గల్తీ చేయవచ్చు. దానికి ఒక పాత మిసాల్ శూద్రకుడి సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’. ఆ పేరుకు అర్థమే చిన్న మట్టిబండి. హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో కూడా పిల్లల మట్టిబండ్లు దొరికాయి కాబట్టి ఆ ఖిలౌనా నాటకానికన్నా ఎంతో పాతది. బీదవాడైపోయిన చారుదత్తుడి కొడుకు రోహసేనుడు మట్టిబండి వద్దు, పొరుగింటి పిల్లవాడి దగ్గర చూసిన బంగారు బండి కావాలని ఏడుస్తాడు. వసంతసేన మనసు కరిగి తన నగలన్నీ ఒలిచి ఆ మట్టిబండి నింపేస్తుంది. చూడ్డానికి ఎంత అందమైన సీను! కానీ ఆ నగలే తర్వాత న్యాయసభలో చారుదత్తుడి మిత్రుడి చంకలోంచి జారిపడి, ఆమెను చంపాడన్న ఇల్జామ్‌కు సాక్ష్యమవుతాయి. తండ్రి వధ్యస్థానం దాకా వెళ్లాల్సి వస్తుంది. చివరికి బతికాడనుకోండి. ఏడ్చే బిడ్డకు అసలు బంగారం తెచ్చి పోస్తే ఆ పూటకు ఏడుపు ఆగుతుంది. మట్టిబండిని బంగారు బండి అనుకుని పక్కన కూర్చుని తోలేవాళ్లు మాత్రం దొరకలేదు వాడికి.

నేను కూడా పోసినవాణ్నే. పోయిన ఈద్‌కు మా చిన్నదానికి బ్యాటరీతో పనిచేసే వంటిల్లు కొనిచ్చాను. పొయ్యి ఎర్రగా వెలుగుతుంది, కుక్కర్ విజిల్ వేస్తుంది. వారం రోజులు ఆడి వదిలేసింది. అమ్మీ ఏటికొప్పాక లక్కపిడతలు తెప్పించింది. అంకుడు కర్రతో చేసి, లక్క రంగులు అద్దినవి. వాటిలో ఏదీ వెలగదు, ఏదీ మోగదు. విజిల్ పిల్లే వేస్తుంది. అమ్మీ చెవులు మూసుకుంటుంది. ఆ ఆట ఇప్పటికీ నడుస్తోంది.

ఈ సంగతి ప్రేమ్‌చంద్‌కు బాగా తెలుసు. మా ఉర్దూ మీడియం బడిలో చదివిన కథల్లో నేను మరవనిది ‘ఈద్‌గాహ్’, 1933లో వచ్చింది. తల్లీ తండ్రీ లేని హామిద్ దగ్గర మూడు పైసలే ఉంటాయి. మిగతా పిల్లలు మట్టి సిపాయిని, భిష్తీని, వకీలును కొంటే, వాడు రొట్టెలు కాల్చేటప్పుడు దాదీ వేళ్లు కాలుతున్నాయని ఇనుప చిమ్టా కొంటాడు. అదే చిమ్టాను భుజాన పెట్టి తుపాకీ అంటాడు, వాదించి అందరి బొమ్మల్నీ ఓడిస్తాడు. చివర్లో ఇంటికి వచ్చాక, చిమ్టా చూసి దాదీ అమీనా చిన్నపిల్లలా ఏడుస్తుంది, హామిద్ పెద్దవాడిలా నిలబడతాడు. వేషాలు తారుమారు. సరిగ్గా అదే ఏడాది, 1933లో, లెనిన్‌గ్రాడ్‌లో లేవ్ వైగోట్‌స్కీ అనే మనస్తత్వవేత్త పిల్లల ఆట మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. కర్రను గుర్రం చేసుకున్న పిల్లవాడు అందులో ఉన్నాడు. ఊహతో ఆడే ప్రతి ఆటకూ లోపల ఖాయిదాలుంటాయని, అమ్మ వేషం వేసిన పిల్ల అమ్మ ఖాయిదాలు పాటించి తీరుతుందని ఆయన చెప్పాడు. అది చదివినప్పుడు మా వరండా గుర్తొచ్చి సిగ్గేసింది. వేడి చాయ్‌కి ఒక ఖాయిదా ఉంది, ఊదుకుని తాగాలి. నేను దాన్ని ఉల్లంఘించాను. పిల్ల ఏడ్చింది అందుకు.

ఇంతకీ ఈ తారీఖ్‌లో అబ్బాలు ఎక్కడ? నానీలు, దాదీలు, అమ్మీలు ఉన్నారు. మా ఇళ్లలో తండ్రి అనేవాడు మాడిన ఖిచిడీ తిని వాహ్ అనడం వరకే. ఆపై ఫుర్సత్ లేదనేవాడు. నేనూ అదే అంటున్నాను.

మా అబ్బా గురించి మిగిలిన మాట చెప్పి ముగిస్తాను. 2018 చలికాలం ఆయనకు ఆఖరిది. దుకాణం మూసేశాడు, మిషన్ ఇంటికి తెచ్చుకున్నాడు. చేతులు వణికేవి. ఆపా తన కూతురితో వచ్చి నెల రోజులు ఉంది. ఆ పిల్లకు ఏడేళ్లు. ఒకరోజు తన బొమ్మను తీసుకొచ్చి ఆయన ముందు నిలబెట్టి, ‘దర్జీ సాబ్, మా బేగం సాహెబాకు కుర్తా కుట్టాలి’ అంది. నేను అక్కడే ఉన్నాను. ఆపా వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది.

అబ్బా బొమ్మను కాసేపు చూశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. మెడలో వేలాడే టేపు తీసి, బేగం సాహెబాను చేతులు చాపమన్నాడు. పిల్ల బొమ్మ చేతులు చాపింది. భుజం, ఛాతీ, పొడుగు, ఆస్తీన్ అన్నీ కొలిచాడు. ఒక్కో కొలతా గట్టిగా చదువుతూ కొలతల పుస్తకంలో రాసుకున్నాడు. కాలర్ ఎలా కావాలని అడిగాడు. అడ్వాన్స్ అడిగాడు. పిల్ల ఒక గుండీ ఇచ్చింది. పుచ్చుకుని, నలభై ఏళ్లుగా గిరాకీలందరికీ చెప్పిన మాటే చెప్పాడు. ‘జుమ్మేకూ ఆవ్.’

పిల్ల జుమ్మా రోజు వచ్చింది. కుర్తా కాలేదు, కరెంటు లేదు బేగం సాహెబా, వచ్చే జుమ్మా అన్నాడు. అసలు దర్జీ అంటే అదే కదా! పిల్ల నిజంగానే కోపం చేసింది, గుండీ వాపస్ ఇమ్మంది. ఆ తర్వాతి జుమ్మాకు కుర్తా తయారైంది. ఆకుపచ్చ సాటిన్, అంచుకు జరీ. వణికే చేతులతో వేసిన కుట్టు కాస్త వంకర. ఆపా దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, నవ్వుతూనే అంది: ‘నా గుడియాలకు ఒక్కటి కూడా కుట్టలేదు అబ్బా.’ ఆయన ఏమీ అనలేదు. మిషన్ మీద బట్ట కప్పి, వుజూ చేసుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆయన పోయాక ఆ కొలతల పుస్తకం నా దగ్గరికి వచ్చింది. ఆఖరి పేజీలో ఉంది. బేగం సాహెబా, ఛాతీ 5, పొడుగు 4½, ఆస్తీన్ 3, అడ్వాన్స్ ఒక గుండీ. తారీఖ్ కూడా వేశాడు. ఈ పేజీ ఒకసారి ఆపాకు చూపించాను. చదివి, నీ దగ్గరే ఉంచుకో అంది. మాఫ్ చేసిందా లేదా అని నేను అడగలేదు. అడగాల్సింది నేను కాదు.

భాయీలారా, ముఖ్యంగా నాలాంటి అబ్బాలారా, ఈ తారీఖ్ అంతా తిరగేసి నేను నేర్చుకున్నది చాలా చిన్నది. పిల్ల ఇచ్చిన వేషం పుచ్చుకోవాలి. మన వేషం మనం ఎంచుకోకూడదు. చాయ్ వేడిగా ఉందంటే వేడిగానే ఉంది. గుర్రానికి రెక్కలున్నాయంటే ఎక్కడివని అడగొచ్చు, లేవని మాత్రం అనకూడదు. దుకాణం మూసేది వాళ్లే, మనం కాదు. రోజుకు పావుగంటయినా చాలు. ఆ పావుగంట ఫోన్ ఇంకో గదిలో ఉండాలి.

మొన్న ఆదివారం మళ్లీ హోటల్ తెరిచారు. ముందు అమ్మీకే వడ్డించారు, నాకు కాదు. నేను గుమ్మం దగ్గర గిరాకీలా నిలబడ్డాను. చాలాసేపటికి సేఠ్ సాహెబా దయ తలిచి కుర్చీ చూపించింది. చాయ్ వచ్చింది. ఊదాను. చాలా వేడిగా ఉందన్నాను. ‘ఆరామ్ సే పియో సాబ్’ అంది. డబ్బులు లేవంటే నా పేరున కూడా ఖాతా తెరిచింది. ఇప్పటికి నా బాకీ పదకొండు చాయ్‌లు, మూడు ఉస్మానియా బిస్కట్లు.

ఖుదా హాఫిజ్.